హెలికాప్టరు ఒంట్లో తేనెపట్టు

కార్తీక మాసంలో తెల్లవారుజామున చెరువుల్లోనూ కాలువల్లోనూ అరటి దొప్పల మీద దీపాలు పెట్టి వదలడం మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రమిద, నూనె, వత్తి, పువ్వులు అన్నీ మోస్తూ కూడా దొప్ప మునగదు. ఎందుకని? ఈసారి ఒక దొప్పను అడ్డంగా కోసి, కోసిన అంచును పరిశీలించండి. వెలుపల ఒక పలచని పొర, లోపల ఒక పలచని పొర కనిపిస్తాయి. ఆ రెంటి నడుమ సన్నని అడ్డుగోడలు, వాటి మధ్య ఖాళీ గదులు ఉంటాయి. ఆ గదుల నిండా ఉన్నది గాలే!

తేలడం ఒక్కటే దొప్ప గొప్పతనం కాదు. అరటి బోదెలో కలప ఉండదు. చాలావరకు ఒకదానినొకటి చుట్టుకున్న ఈ దొప్పలే ఉంటాయి. అయినా ఆ బోదె బరువైన గెలను మోస్తూ నిటారుగా నిలబడుతుంది. తేలికగా ఉంటూనే గట్టిగా ఉండటం ఎలాగో అరటి చెట్టుకు తెలుసన్న మాట!

నేటి హెలికాప్టర్ల తలుపులు, నేల పలకలు, పక్క గోడలు, తోక భాగాలు అనేకం సరిగ్గా ఈ పద్ధతిలోనే తయారవుతాయి. వాటిని శాండ్‌విచ్ పలకలు అంటారు. రెండు రొట్టెముక్కల మధ్య కూర పెట్టినట్లు, రెండు పలచని రేకుల మధ్య తేలికైన పదార్థం పెట్టి అతికిస్తారు కనుక ఆ పేరు వచ్చింది. ఈ పలకకు అంత బలం ఎలా వచ్చిందో, ఆ బలం ఎప్పుడు ఎలా పోతుందో తెలుసుకుందాం.

ప్రతి కిలో లెక్కే

విమానం పరుగెత్తితే రెక్కలు దానిని పైకి లేపుతాయి. హెలికాప్టరుకు ఆ సదుపాయం లేదు. ఉన్నచోటనే నిలిచి, తలమీది రోటరు గాలిని కిందికి తోస్తూ ఉంటేనే అది గాలిలో ఆగుతుంది. కాబట్టి ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, ఒక కిలో మందులో ఇంధనమో అదనంగా మోయవచ్చు.

కొండల మీద ఈ లెక్క మరింత కఠినమవుతుంది. సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సగమే. పలచని గాలిలో రోటరుకు పట్టు తక్కువ. హిమాలయాల్లో జబ్బుపడిన జవానును ఎక్కించుకుని హెలికాప్టరు పైకి లేవగలదా లేదా అన్నది ఒక్కొక్కప్పుడు కొద్ది కిలోల మీదనే ఆధారపడి ఉంటుంది.

అలాగని రేకులను పలచన చేసుకుంటూ పోతే సరిపోతుందా? సరిపోదు. పలచని రేకు సులువుగా వంగుతుంది, రోటరు అదురుకు గజగజలాడుతుంది. బరువు తగ్గాలి, వంగకూడదు. ఈ చిక్కును విడదీసేది ఒక చిన్న లెక్క.

ఘనం చేసే గారడీ

ఒక స్కేలును రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో నొక్కండి. అది వంగినప్పుడు కింది వైపు సాగుతుంది, పై వైపు నొక్కుకుంటుంది. సరిగ్గా నడిమి భాగం సాగదు, నొక్కుకోదు. అంటే వంపును ఎదిరించే పని చాలావరకు పై, కింది అంచులదే. నడిమి పదార్థం దాదాపు పని లేకుండా కూర్చున్నట్లే!

ఇప్పుడు 1 మిల్లీమీటరు మందం ఉన్న అల్యూమినియం రేకును తీసుకుందాం. దీని దృఢత్వం, అంటే వంగకుండా నిలిచే గుణం, 1 అనుకుందాం. మందం రెట్టింపు చేస్తే దృఢత్వం రెండింతలు కాదు, 2×2×2 = 8 రెట్లు అవుతుంది. మందం నాలుగింతలు చేస్తే 4×4×4 = 64 రెట్లు అవుతుంది. దృఢత్వం మందం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కానీ బరువు కూడా నాలుగింతలయింది కదా! అక్కడే ఇంజనీర్లు తెలివి చూపారు.

ఆ 1 మి.మీ. రేకుకు బదులు అర మి.మీ. రేకులు రెండు తీసుకుందాం. లోహం అంతే, బరువూ అంతే. వాటి మధ్య 3 మి.మీ. మందం ఉన్న చాలా తేలిక పదార్థాన్ని పెట్టి గట్టిగా అతికిద్దాం. జీలుగు బెండులా తేలికైనది కనుక దానిని ‘బెండు’ అందాం. పలక మొత్తం మందం 4 మి.మీ. అయింది. ఇది పూర్తిగా లోహమే అయితే దృఢత్వం 64. నడిమి 3 మి.మీ. మేర లోహం లేదు కనుక 3×3×3 = 27 తీసివేయాలి. 64 − 27 = 37.

అంటే అదే లోహంతో దృఢత్వం 37 రెట్లు పెరిగింది! విరగకుండా ఓర్చే బలం కూడా 9 రెట్లకు పైగా పెరుగుతుంది. మరి బరువో? ఒక చదరపు మీటరు రేకు బరువు 2,700 గ్రాములు. హెలికాప్టర్లలో వాడే ఒక రకం బెండు ఘనపు మీటరుకు 48 కిలోగ్రాములు మాత్రమే తూగుతుంది. అంటే నీటి బరువులో ఇరవయ్యో వంతు. ఆ లెక్కన 3 మి.మీ. బెండు బరువు 144 గ్రాములు. జిగురు బరువు కొంత కలుస్తుంది. అంతే!

ఇంత దృఢత్వం అవసరం లేనిచోట రేకులను ఇంకా పలచన చేయవచ్చు. బరువు తగ్గించుకునే దారి అదే.

బెండు, రేకు, జిగురు

శాండ్‌విచ్ పలకలో మూడు భాగాలున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో పని చేస్తుంది.

మొదటిది రేకులు. ఒకప్పుడు ఇవి అల్యూమినియంవి. నేడు ఎక్కువగా కార్బన్ పోగుల గుడ్డను గాని, గాజు పోగుల గుడ్డను గాని రెజిన్ అనే జిగురు పదార్థంలో తడిపి, పొరమీద పొర పేర్చి గట్టిపరుస్తారు. పోగులు బలాన్నిస్తే రెజిన్ వాటిని కట్టి ఉంచుతుంది. ఇలా రెండు పదార్థాలు కలిసి పనిచేసే వాటినే మిశ్రమ పదార్థాలు అంటారు. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టడంలో ఉన్న సూత్రమే ఇది.

రెండవది బెండు. హెలికాప్టర్లలో బెండుగా ఎక్కువగా వాడేది తేనెపట్టు ఆకారపు అల్లిక. దానిలో ఆరు మూలల గదులు పక్కపక్కనే ఉంటాయి. ఈ అల్లికను అల్యూమినియం రేకుతోనో, నోమెక్స్ అనే గట్టి పోగుల కాగితంతోనో చేస్తారు. గదులను ఒక్కొక్కటిగా కట్టరు సుమా! కాగితాల మీద జిగురు చారలు గీస్తారు. పై కాగితం చారలు కింది కాగితం చారల మధ్యకు వచ్చేటట్లు పేర్చి, నొక్కి, తరవాత దొంతరను పక్కలకు లాగుతారు. అంతే, గదులు తెరుచుకుంటాయి! పెళ్ళి పందిళ్ళలో కట్టే, విప్పితే బంతిలా విచ్చుకునే రంగుకాగితపు బుట్టలను చూశారు కదా! అదే కిటుకు. నోమెక్స్ అల్లికను రెజిన్‌లో ముంచి గట్టిపరుస్తారు.

బెండు చేసే పనిని చూడాలంటే మీ నోటుపుస్తకాన్ని వంచండి. కాగితాలు ఒకదానిమీద ఒకటి జారి, అంచు ఏటవాలుగా వస్తుంది. ఇప్పుడు నాలుగంచులనూ క్లిప్పులతో బిగించి వంచబోండి. సులువుగా వంగదు. కాగితాలు జారకుండా ఆపితే వంపు కూడా ఆగుతుందన్న మాట. బెండు కూడా రెండు రేకులను ఎడంగా నిలబెట్టి, ఒకదాని మీదుగా మరొకటి జారకుండా ఆపుతుంది.

మూడవది జిగురు. తేనెపట్టు గది గోడ కాగితమంత పలచన. ఆ అంచు మాత్రమే రేకును తాకుతుంది. అంత సన్నని అంచును పట్టుకోవడం ఎలా? గాజుగ్లాసులో నీరు గోడ వెంబడి కాస్త పైకి పాకినట్లు, వేడికి కరిగిన జిగురు కూడా గది గోడ వెంబడి పాకి, మూలలో చిన్న గట్టులా గడ్డకడుతుంది. గది గోడకు రేకుతో ఉన్న బంధమంతా ఆ గట్టులోనే ఉంది. ఈ పలకలను ఆటోక్లేవు అనే పెద్ద కుక్కరు వంటి పాత్రలో వేడి, పీడనం ఇచ్చి గట్టిపరుస్తారు.

చెక్కతో మొదలై

1940 నవంబరు 25న ఇంగ్లండులో మొదటిసారి ఎగిరిన మస్కిటో అనే యుద్ధవిమానం ఒళ్ళు చెక్కతో చేసింది. బర్చి చెక్క పలచని రేకుల మధ్య బాల్సా అనే అతి తేలిక చెక్కను పెట్టి అతికించారు. ఆ దశకం ఆరంభంలోనే నార్మన్ డి బ్రూయిన్ అనే శాస్త్రవేత్త లోహాన్ని లోహానికి నమ్మకంగా అతికించే రీడక్స్ అనే జిగురును డక్స్‌ఫర్డ్‌లో రూపొందించాడు. లోహపు శాండ్‌విచ్ పలకలకు ఇలాంటి జిగుళ్ళే దారి చూపాయి.

హెలికాప్టరు ఒంటిని మొత్తంగా మిశ్రమ పదార్థాలతోనే చేయవచ్చా అని అమెరికా సైన్యం ప్రయోగాలు చేయించింది. బరువును 22 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. సికోర్‌స్కీ కంపెనీ ఎస్-75 హెలికాప్టరు 1984లో, బెల్ కంపెనీ డి-292 హెలికాప్టరు 1985లో అలా ఎగిరినవే. మన దేశంలో బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన ధ్రువ్ 1992 ఆగస్టు 20న మొదటిసారి ఎగిరింది. దాని ఒంటి ఉపరితలంలో సుమారు 60 శాతం మిశ్రమ పదార్థాలే. దానిని మన సైన్యం హిమాలయాల ఎత్తుల్లో కూడా నడుపుతోంది.

జిగురు వీడితే?

ఇంతవరకు పలక బలం సంగతి చూశాం. ఇప్పుడు మన్నిక సంగతి చూద్దాం. బలం అంటే ఈ రోజు ఎంత మోయగలదన్నది. మన్నిక అంటే ఎండలో, వానలో, అదురులో వేల గంటలు ఎగిరిన తరవాత కూడా అంత మోయగలదా అన్నది.

మన లెక్కకే మళ్ళీ వద్దాం. జిగురు పూర్తిగా వీడిపోయిందనుకోండి. రేకులు రెండూ అలాగే ఉన్నాయి. బెండూ ఉంది. కాని రేకులు ఇప్పుడు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయవు. అర మి.మీ. రేకు విడిగా ఉంటే దాని దృఢత్వం ½×½×½ = ⅛. అటువంటివి రెండు కనుక మొత్తం ¼. నిన్న 37 ఉన్న దృఢత్వం నేడు పావు! సుమారు 150 వంతుల్లో ఒక వంతుకు పడిపోయింది. రేకు చిరగలేదు, బెండు విరగలేదు, బయటికి ఏమీ కనిపించదు. అయినా పలక పలకగా లేదు.

నిజంలో జిగురు ఒకేసారి అంతా వీడదు. ఎక్కడో రూపాయి బిళ్ళంత మేర వీడుతుంది, తరవాత మెల్లగా పాకుతుంది. దీనికి కారణమయ్యే శత్రువులు నలుగురు.

మొదటి శత్రువు అదురు. నాలుగు రెక్కల రోటరు నిమిషానికి సుమారు 300 చుట్లు తిరిగితే, చుట్టుకు నాలుగు చొప్పున నిమిషానికి 1,200 కుదుపులు. గంటకు 72,000. వెయ్యి గంటలు ఎగిరితే 7 కోట్ల 20 లక్షలు! ఒక తీగను అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది కదా! ఒక్కసారికి ఏమీ చేయలేని చిన్న కుదుపు కూడా కోట్ల సార్లు వస్తే జిగురులో ఉన్న చిన్న లోపాన్ని పెద్దది చేస్తుంది.

రెండవది దెబ్బ. మరమ్మతు చేసేవారి చేతిలోని పానా జారి పడవచ్చు, వడగల్లు తగలవచ్చు, దిగేటప్పుడు రోటరు గాలికి రాయి ఎగిరి కొట్టవచ్చు. లోహపు రేకుకైతే సొట్ట కనిపిస్తుంది. కార్బన్ పోగుల రేకు మాత్రం వంగి, మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. పైన గుర్తు కూడా మిగలకపోవచ్చు. కింద మాత్రం తేనెపట్టు గదులు నలిగి ఉంటాయి.

మూడవది నీరు. సన్నని పగులులోంచి, స్క్రూ రంధ్రంలోంచి తేమ గదుల్లోకి చేరుతుంది. ఎత్తుకు పోయినప్పుడు ఆ నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది, గది గోడలను నెడుతుంది. దిగగానే కరుగుతుంది. ఎగిరినప్పుడల్లా ఇదే తంతు! కార్బన్ పోగుల రేకుకు అల్యూమినియం బెండు నేరుగా తగిలితే ఇంకొక చిక్కు ఉంది. తేమ చేరగానే ఆ జంట చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తుంది, అల్యూమినియం తినివేయబడుతుంది. అందుకే రెంటికీ నడుమ గాజుపోగుల పొర వేస్తారు.

నాలుగవది గాలి. నోమెక్స్ గదుల్లో నేలమీది గాలి బంధించబడి ఉంటుంది. పైకి పోయినకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది, లోపలి గాలి రేకును బయటికి తోస్తుంది. 5,500 మీటర్ల ఎత్తున, చలికి లోగాలి పీడనం కొంత తగ్గినా సరే, 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చోట 30 కిలోగ్రాములకు పైగా తోపుడు ఉంటుంది. జిగురు గట్టిగా ఉంటే ఇది లెక్కలోకి రాదు. వీడిన మచ్చ ఉంటే మాత్రం ఆ తోపుడు దాని అంచులను ఇంకా విప్పదీస్తుంది.

2005 మార్చి 6

ఇవన్నీ కాగితం మీది భయాలు కావు. 2005 మార్చి 6న ఎయిర్ ట్రాన్సాట్ వారి ఎయిర్‌బస్ ఎ-310 విమానం క్యూబాలోని వరదేరో నుంచి కెనడాలోని క్విబెక్‌కు బయలుదేరింది. అందులో 250 మందికి పైగా ఉన్నారు. విమానం సుమారు 10,700 మీటర్ల ఎత్తున ఉండగా పెద్ద చప్పుడు వినిపించింది, తోక ఊగసాగింది. పైలట్లు వెనక్కి తిప్పి వరదేరోలోనే క్షేమంగా దింపారు. దిగి చూస్తే, తోక మీద నిలువుగా ఉండే చుక్కాని దాదాపు మొత్తం ఊడిపోయి ఉంది!

ఆ చుక్కాని మిశ్రమ పదార్థపు రేకుల మధ్య నోమెక్స్ తేనెపట్టు పెట్టి చేసిన శాండ్‌విచ్. కెనడా రవాణా భద్రతా సంస్థ పరిశోధించి తేల్చినదేమంటే, విమానం బయలుదేరేటప్పటికే ఆ పలకలో రేకు విడివడటమో, బెండు చీలడమో జరిగి ఉంది. ఎగురుతుండగా అది పెరిగింది. అప్పట్లో చేస్తున్న తనిఖీలు అటువంటి లోపాలన్నింటినీ పట్టుకోవడానికి చాలవని కూడా ఆ సంస్థ తేల్చింది. అది విమానమైనా, పాఠం హెలికాప్టరుకూ వర్తిస్తుంది. పలక తయారు చేయడం సగం పనే. దాని లోపలి సంగతి కనిపెడుతూ ఉండటం మిగతా సగం.

తట్టి చూస్తే తెలుస్తుంది

కుండ కొనేవారు వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే బీటవారింది. హెలికాప్టరు పలకనూ అలాగే నాణెంతోనో చిన్న సుత్తితోనో తడతారు. రేకు బెండును అంటుకుని ఉన్నచోట ధ్వని స్పష్టంగా వస్తుంది. వీడినచోట మందంగా వస్తుంది. ఎంత పాతదో అంత పనికివచ్చే పరీక్ష ఇది. అయితే రేకు మందమైతేనో, లోపం అవతలి రేకు దగ్గర ఉంటేనో చెవికి దొరకదు. అందుకే అతిధ్వనులను పంపి చూస్తారు, లేదా పలకను కాస్త వేడిచేసి, ఏ భాగం ఎలా చల్లారుతున్నదో వేడిని చూడగల కెమెరాతో గమనిస్తారు. నీరు చేరిన గదులు ఆలస్యంగా చల్లారి పట్టుబడతాయి.

లోపం దొరికితే పాడైన భాగాన్ని కోసి, కొత్త బెండు, కొత్త పొరలు అతికిస్తారు. కాని అంతకు ముందు పలకను పూర్తిగా ఆరబెట్టాలి. తేమ ఉండగానే జిగురు కోసం వేడిచేస్తే, లోపలి నీరు ఆవిరై, బాగున్న రేకును కూడా ఊడదన్నుతుంది!

కొత్త పలకలకు కూడా పరీక్షలున్నాయి. వంచి చూస్తారు, తేమలోనూ వేడిలోనూ నానబెట్టి మళ్ళీ వంచుతారు, బరువు జారవిడిచి కావాలని దెబ్బ కొట్టి, ఆ దెబ్బతోనే లక్షల సార్లు కుదుపుతారు. ఎగిరేటప్పుడు రాగల అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలన్నది నియమం. కంటికి కనిపించని దెబ్బ తగిలి ఉన్నా సరే, తట్టుకోవలసిందే.

చేసి చూడండి

కావలసినవి: ఒకే మందం ఉన్న పాత శుభలేఖ అట్టలు ఆరు, కాగితం, జిగురు, నాణేలు, రెండు పుస్తకాలు.

ఆరు అట్టలనూ ఒకే కొలతకు కత్తిరించండి. కాగితాన్ని సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి, పెన్సిలుకు చుట్టి, అతికించి చిన్న గొట్టాలు చేయండి. ఒక్కొక్క జతకు ముప్పై దాకా కావాలి.

మొదటి జత: రెండు అట్టలను ఊరికే ఒకదానిమీద ఒకటి పెట్టండి. రెండవ జత: కింది అట్టమీద గొట్టాలను నిలువుగా అతికించి, పై అట్టను జిగురు లేకుండా ఊరికే మోపండి. మూడవ జత: గొట్టాలను రెండు అట్టలకూ అతికించండి. జిగురు ఒక రాత్రి ఆరనివ్వండి.

ఒక్కొక్క జతను రెండు పుస్తకాల మధ్య వంతెనలా ఉంచి, నడుమ నాణేలు ఒక్కొక్కటే పేర్చండి. ఏది ఎన్ని నాణేలకు ఒక సెంటీమీటరు కుంగిందో రాసుకోండి. రెండవ, మూడవ జతల్లో అట్టలు అవే, గొట్టాలు అవే. తేడా ఒక్క వైపు జిగురే. ఆ జిగురు విలువ ఎంతో మీ నాణేలే చెబుతాయి.

ఆలోచించండి

1. రెండు అర మి.మీ. రేకుల మధ్య 1 మి.మీ. బెండు పెడితే దృఢత్వం ఎన్ని రెట్లవుతుంది?

2. గొట్టాలను నిలువుగా కాక పడుకోబెట్టి అతికిస్తే, పైనుంచి నొక్కినప్పుడు ఏమవుతుంది?

3. హెలికాప్టరు నేల పలకల్లో పక్క గోడలకంటే బరువైన, దట్టమైన బెండు వాడతారు. ఎందుకు?

ఈసారి హెలికాప్టరు మీ ఊరిమీదుగా పోతున్నప్పుడు తలెత్తి చూడండి. అందులోని మనుషులను మోస్తున్నవి కాగితమంత పలచని గోడలు, వాటి అంచున గడ్డకట్టిన జిగురు. ఆ జిగురు పట్టు వీడలేదని, బయలుదేరే ముందు ఎవరో తట్టి, విని, నిర్ధారణ చేసుకునే పంపి ఉంటారు.